ఫొండు కుడిచెయ్యి

కొండ మీంచి బండి దిగుతున్న చప్పుడు వినబడితే చాలు, ఫొండు గాంవ్కర్ చేస్తున్న పని ఆపి లేచి నిలబడేవాడు. తింటూ ఉన్నా సరే, గంజి గిన్నె పక్కకి జరిపి లేచేవాడు. ఎడమచేత్తో కుడిచేతి మణికట్టు బిగించి పట్టుకుని, రెండు చేతులూ వీపు వెనక దాచుకుని, బండి పట్టులైను దగ్గర ఆగి పొడుగ్గా కూత వేసేదాకా అలాగే ఉండిపోయేవాడు. కూత వినబడ్డాక మణికట్టు వదిలేవాడు. వేళ్ళు పడ్డచోట చర్మం తెల్లగా పాలిపోయి, నెమ్మదిగా మళ్ళీ రంగు తిరిగేది.

రిటైరైన రైల్వే మనిషి కదా, బండికి మర్యాద చేస్తున్నాడని కాళంబీ జనం అనుకునేవాళ్ళు. నేనూ అలాగే అనుకున్నాను. చాలా దేశాలు తిరిగినవాణ్ణి. నది దాటుతుంటే చిల్లర విసిరేవాళ్ళని చూశాను, సముద్రం కనబడగానే టోపీ తీసేవాళ్ళని చూశాను. రైలుకి లేచి నిలబడే మనిషి ఒకడుంటే వింతేముంది? ఆ నిలబడటం వెనక ఉన్నది భయమని తెలియడానికి నాకు ఏళ్ళు పట్టింది. ఆ భయానికి ఒక పేరుంది. గులాబ్. ఫొండుకి ఒక్కతే కూతురు.

నేను ఈ ఘాట్‌కి వచ్చింది జలపాతం చూడటానికి. వచ్చిన మర్నాడే కొండచరియ విరిగి లైను మూసుకుపోయింది. అది తెరిచేలోగా స్టేషన్ క్యాంటీన్‌లో వడలు వేసే మనిషి జ్వరంతో పడ్డాడు. నాలుగు రోజులు సాయం చేద్దామని బాణలి ముందు నిలబడ్డవాణ్ణి, జుట్టు నెరిసేదాకా అక్కణ్ణించి కదల్లేదు. కాలు నిలవని మనిషిని ఒక్కోసారి వాన కట్టేస్తుంది.

కాళంబీ సరిగ్గా ఘాట్ నడుముకి ఉంటుంది. పైన పీఠభూమి, కింద గోవా మైదానం. పైనుంచి ఖనిజం నింపుకుని దిగే గూడ్సు బండికి బ్రేకులే ప్రాణం. అవి పట్టు తప్పితే ఏం చెయ్యాలో పూర్వం లైను వేసినవాళ్ళే ఆలోచించి పెట్టారు. స్టేషన్‌కి కొంచెం ఎగువన పట్టాలు రెండుగా చీలతాయి. ఒకటి కిందికి, స్టేషన్‌లోకి. రెండోది పక్కకి తిరిగి కొండ ఎక్కుతుంది. దాని చివర ఇసుక మేట, ఇసుక తర్వాత లోయ. ఈ రెండోదాన్నే మేం పట్టులైను అనేవాళ్ళం. దారి ఎప్పుడూ పట్టులైనుకే పెట్టి ఉంటుంది. పైనుంచి వచ్చిన ప్రతి బండీ కేబిన్ ముందు ఆగాలి, పొడుగ్గా కూత వెయ్యాలి. బండి డ్రైవరు చేతిలోనే ఉందని రుజువయ్యాకే కేబిన్‌లో పాయింట్స్‌మన్ లీవరు లాగి స్టేషన్ దారి ఇస్తాడు. ఆగని బండి తనంతట తానే పట్టులైను ఎక్కి ఇసుకలో కూరుకుపోవాలి. అంటే పాయింట్స్‌మన్ చెయ్యాల్సింది ఏమీ లేదు. చెయ్యి ఆడించకుండా ఉండటమే అతని ఉద్యోగం.

ఎప్పుడో ఒక బండి ఇసుకని కూడా దాటేసింది. ఆ ఇంజను ఇంకా లోయలోనే ఉంది. దాని పొగగొట్టంలోంచి మొలిచిన చెట్టుకి కోతులు కాపురం.

ఫొండు జీవితమంతా ఆ కేబిన్‌లోనే గడిచింది. పొట్టి మనిషి, పెద్ద చెవులు. బీడీ లేదు, ఊర్రాక్ సారా లేదు. జీతం రోజున ఎండురొయ్యలు కొని, జేబులో పెట్టుకుని, ఆ కంపుతోనే ఇంటికొచ్చేవాడు. పెళ్ళాం శేవంతి వాకిట్లోనే నిలదీసేది.

"సంచి లేదా నీకు? రైల్వేవాళ్ళు కోటిచ్చింది రొయ్యలకా?"

"సంచి అయితే దార్లో ఎవరో ఒకరు చూసి అడుగుతారే. జేబయితే వాసనొచ్చి తప్పుకుంటారు."

చిన్నప్పుడు గులాబ్‌కి ఆ కేబిన్ మెట్లే బడి. బళ్ళ కూతలన్నీ నోటితో వేసేది. లీవరు మీద మటుకు చెయ్యి వెయ్యనిచ్చేవాడు కాదు.

"నేను లాగితే ఏమవుతుంది బాబా?"

"బండి మీ మామ ఇంట్లోకి పోతుంది. అత్త లాంతరు పట్టుకుని ఎదురొస్తుంది."

"బండి ఇక్కడికి వచ్చేశాక లాగితే?"

"అప్పుడు కదలదు. చక్రం మీదికొస్తే కింద ఇనుప కమ్మీ లీవర్ని పట్టేసుకుంటుంది. బండి కింద పట్టాలు మారకూడదు కదా."

"నీకంటే బలమా ఆ కమ్మీ?"

"నేనెంత? ఏనుగు లాగినా కదలదు."

ఈ మాటలు శేవంతి నాకు చాలాసార్లు చెప్పి నవ్వేది. ఇప్పుడు తలుచుకుంటే నాకు నవ్వు రావడం లేదు.

గులాబ్‌ని ఘాట్ పైన, కోతమిల్లులో పనిచేసే మధు అనే కుర్రాడికి ఇచ్చారు. కడుపుతో ఉంది. నెలలు నిండకముందే, ఆషాఢమాసంలో ఒక పొద్దున నొప్పులు మొదలయ్యాయి, కాళ్ళు పొంగాయి. ఆస్పత్రి ఘాట్ కింద. పైన వాగు పొంగి రోడ్డు మునిగింది. ఉన్నదల్లా ఖనిజం గూడ్సు. సాయానికి వెళ్ళిన శేవంతి పై స్టేషన్ నుంచి రైల్వే ఫోన్ చేసింది. ఫొండు ఇంకా డ్యూటీ ఎక్కలేదు, క్యాంటీన్‌లో నా ఎదురుగానే ఉన్నాడు. లేచి వెళ్ళి స్టేషన్ ఫోన్ అందుకున్నాడు. ఆమె గొంతు ప్లాట్‌ఫారం దాకా వినబడుతోంది.

"ఏమయ్యా, పిల్ల పళ్ళు బిగపట్టి కూర్చుంది. గూడ్సు గార్డు తన పెట్టెలో ఎక్కించుకుంటానంటున్నాడు. రమ్మంటావా వద్దంటావా?"

"ఆగు, అడిగొస్తాను."

"ఎవర్ని? డాక్టర్నా?"

"బేతాళుణ్ణి."

"తొందరగా అడుగు. ఆయనకేం, పురుళ్ళా పుణ్యాలా!"

మన వైపు బేతాళుడంటే పిల్లల్ని బెదిరించడానికి పనికొచ్చే దయ్యం. కాళంబీలో ఊరికాపు ఆయనే. నిలువెత్తు రాయి, మెడలో పుర్రెల దండ, నడుముకి పాము. చీకటి పడ్డాక కొండ చుట్టూ గస్తీ తిరుగుతాడని ఏటా కొత్త తోలుచెప్పులు చేయించి పెడతారు. పాతవి అరిగిపోయి ఉంటాయి. నేను తిరగేసి చూశాను, నిజంగానే మడమల దగ్గర అరిగి ఉన్నాయి. ఆ రోజు ఇంటికి గబగబా నడిచాను.

వానాకాలంలో ఘాట్ మీద ఎవరైనా ప్రయాణం పెట్టుకుంటే ఆయన్ని అడగాల్సిందే. పూజారి గురవ్ పూరేకులు తడిపి రాయి రొమ్ము మీద కుడివైపొకటి, ఎడమవైపొకటి అంటిస్తాడు. కుడిది ముందు రాలితే సరే అన్నట్టు. ఎడమది రాలితే వద్దన్నట్టు. ఒక ప్రశ్న ఒక్కసారే అడగాలి. రెండోసారి అడిగినా రేకు రాలుతుంది, కాని అప్పుడు పలికేది దేవుడు కాదంటారు. ఎవరో చెప్పరు.

ఎడమది రాలింది.

"వద్దంటున్నాడు ఫొండూ," అన్నాడు గురవ్.

"సరిగ్గా అంటలేదు. ఇంకోసారి పెట్టు."

"నీకు తెలియంది కాదు."

"తెలుసు. పెట్టు. అక్కడ పిల్ల చచ్చిపోతోంది."

గురవ్ కళ్ళు మూసుకుని మళ్ళీ అంటించాడట. ఈసారి కుడిది రాలింది. ఫొండు ఆ రేకు టోపీలో దోపుకుని వానలో పరిగెత్తుకొచ్చి, ఫోన్లో ఒక్కమాటే అన్నాడు: "ఎక్కించు."

అక్కణ్ణించి కేబిన్‌కి వెళ్ళాడు. మంచు కమ్మేసింది. స్టేషన్‌లో పైకి వెళ్ళాల్సిన పాసింజరు నిండా జనంతో గూడ్సు కోసం ఎదురుచూస్తోంది. నేను వడలు వేస్తున్నాను. చేపల మార్తా తన కొడుకుని పైకి చుట్టాలింటికి పంపుతూ, కిటికీ చువ్వల్లోంచి వాడికి బుద్ధులు చెబుతోంది. "ముక్కు తుడుచుకో. ఎవరేం పెట్టినా రెండోసారి అడక్కు. ముక్కు తుడుచుకో అంటే చొక్కాకి కాదురా!"

అప్పుడు వినబడింది కూత. పొడుగ్గా కాదు. చిన్నచిన్నగా, ఆగకుండా, కుక్కపిల్ల నీళ్ళలో పడి అరిచినట్టు. ఘాట్‌లో పుట్టిన ప్రతివాడికీ దాని అర్థం తెలుసు. బండి చేతిలో లేదు. మార్తా కొడుకుని కిటికీలోంచి లాగబోయింది, చువ్వలు అడ్డం. నా చేతిలో జల్లిగరిట అలాగే ఉండిపోయింది. ఆ వేగంతో బండి స్టేషన్‌లోకి వస్తే వంపు తిరగలేక పాసింజరు మీదే కూలుతుంది. నేల అదిరింది. బ్రేకులు కాలిన వాసన మంచులోంచి ముందే దిగింది. తర్వాత చప్పుడు పక్కకి తిరిగింది. పైకి ఎక్కింది. ఇనుము ఇనుములోకి దూసుకుపోయినట్టు పెద్ద మోత. ఆ తర్వాత వాన చప్పుడే.

ఇంజను ఇసుకలో సగం దాకా కూరుకుంది. ముందు చక్రాలు లోయ అంచున గాల్లో ఉన్నాయి. డ్రైవరు కాయ్‌తాన్ దవడ పగిలింది. చివర గార్డు పెట్టె ఒక పక్కకి ఒరిగింది. అందులో శేవంతి, గులాబ్, గార్డు ముగ్గురూ దెబ్బలతో బతికారు. గులాబ్‌ని తోపుడు ట్రాలీ మీద వానలో కిందికి తీసుకెళ్ళారు. ఆ సాయంత్రం ఆడపిల్ల పుట్టింది. సాయ్‌లీ అని పేరు పెట్టారు.

ఘాట్ అంతా ఒకటే మాట. బండిలో కన్నకూతురు ఉందని తెలిసి కూడా ఫొండు లీవరు ముట్టుకోలేదు. పై అధికారి వచ్చి దండ వేశాడు. దసరాకి కేబిన్‌లో లీవరుకి బంతిపూలు చుట్టి, దాని పక్కన ఫొండుని నిలబెట్టి హారతి ఇచ్చారు. ఆ హారతి వెలుగులో అతని మొహం చూసి, జ్వరమేమో అనుకున్నాను. కాయ్‌తాన్ ఏటా సీసా పట్టుకుని వచ్చేవాడు.

"ఫొండూ, నా రెండో పుట్టినరోజు నీ చలవే. ఒక్క గుక్క తాగు."

"తాగను కాయ్‌తాన్ బాబ్."

"నీ పేరు చెప్పి నేను తాగాలంటే ఎదురుగా కూర్చోనైనా కూర్చో. అంత సిగ్గయితే ఎలా?"

కూర్చునేవాడు కాదు. బజారుకి కూడా అడ్డదారిన వెళ్ళేవాడు. మార్తా పిలిచి ఊరికే చేపలిస్తే గంప ముందు ఒక్క క్షణం నిలబడేవాడు. చేపలు తీసుకోకుండానే వెళ్ళిపోయేవాడు. ఎంత అణకువో చూడండి అనేవాళ్ళు జనం.

గులాబ్ మాత్రం ఆస్పత్రిలో తండ్రి చూడబోతే గోడవైపు తిరిగి పడుకుంది. ఆ తర్వాత బేతాళుడి జాత్రకి ఏటా వచ్చేది, రైల్లో కాదు, అడవి దారిన జీపులో. తండ్రి ఉన్న గదిలో కూర్చునేది కాదు. పిల్లని అతని ఒళ్ళో పెట్టేది కాదు. సాయ్‌లీ "ఆజోబా" అంటూ తాత వైపు పరిగెడితే, వెనకనుంచి వచ్చి చెయ్యి పట్టుకుని లాక్కుపోయేది. ఫొండు తలుపు వెనక నిలబడి పిల్ల ఆడుకుంటుంటే చూసేవాడు. కూతురు తలెత్తితే పక్కకి తప్పుకునేవాడు. దొంగతనం చేసినవాడు పోలీసువాణ్ణి చూసినట్టు.

"అదేంటి, కన్నతండ్రి దగ్గరికి పిల్లని పంపవు?" అని శేవంతి ఒకసారి కూతుర్ని నిలదీసింది.

"నీ మొగుడు రైల్వేని కట్టుకున్నాడు ఆయీ. మనం పక్కింటివాళ్ళం."

ఫొండు గోడ అవతల విన్నాడు. ఆమె అన్నదొకటి, అతను అర్థం చేసుకున్నదొకటి. ఇద్దరూ ఒకరికొకరు భయపడుతూ ఏళ్ళు గడిపారు. మనుషులు చీకటికీ జబ్బుకీ చావుకీ భయపడటం గురించి చాలా పుస్తకాలు చదివాను. ఇంట్లోవాళ్ళ మొహం చూడటానికి భయపడటం గురించి రాసినవాళ్ళు తక్కువ.

ఫొండు రిటైరయ్యాడు. కేబిన్‌కి దగ్గరలోనే, బళ్ళ చప్పుడు వినబడేచోట ఇల్లు తీసుకున్నాడు. శేవంతి పోయింది. సాయ్‌లీ బళ్ళో చేరింది. ఆ ఏడు జాత్రకి వచ్చినప్పుడు పిల్ల మారాం చేసింది. కింద మేనత్త పెళ్ళికి రైల్లోనే వెళ్ళాలట. మధు కూడా ఆమాటే అన్నాడు. గులాబ్ ఎంతకీ ఒప్పుకోలేదు. చివరికి, "బేతాళుడు సరే అంటే సరే" అంది. బండి మధ్యాహ్నం పైనుంచి దిగుతుంది, కాళంబీలో ఎక్కాలి.

గుడి నిండా జనం. డప్పులు మోగుతున్నాయి. నేను టీ బిందెతో మూల కూర్చున్నాను. పక్కన మార్తా. ఫొండు ఎప్పటిలాగే అందరికీ వెనక, స్తంభం చాటున. గురవ్ రేకులు అంటించాడు.

ఎడమది రాలింది.

సాయ్‌లీ ఏడుపు అందుకుంది. గులాబ్ కొంచెం నవ్వింది. "గాలికి రాలింది గురవ్ బాబా. ఇంకోసారి పెట్టండి."

"వద్దు!"

డప్పులు ఆగిపోయాయి. స్తంభం చాటునుంచి ఫొండు జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. అతని గొంతు అంత పెద్దదని ఎవరికీ తెలియదు.

"అడక్కు. మళ్ళీ అడక్కు. ఆ రోజు నేను అడిగాను. ఆయన వద్దన్నాడు. నేను మళ్ళీ అడిగి నిన్ను ఎక్కించాను."

గులాబ్ కూతుర్ని దగ్గరికి లాక్కుంది. "ఎక్కించావు. ఎక్కించి, చూస్తూ నిలబడ్డావు."

"చూశావా నువ్వు?" అన్నాడు ఫొండు. "నాకు తెలుసు, చూశావు."

"చూశాను. గార్డు పెట్టె కటకటాలు పట్టుకుని చూశాను. కిటికీలో లీవరు మీద చెయ్యి వేసి నిలబడి ఉన్నావు, ఈ రాయిలాగా. బాబా అని అరిచాను. నువ్వు కదల్లేదు. నీ చెయ్యి కదల్లేదు. ఊరంతా నీకు దండలేసింది. నాకు మాత్రం నిన్ను చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది. నా పిల్లని నీ చేతికిస్తే, ఏ రూలు అడ్డమొచ్చినా వదిలేస్తావు."

ఇన్నేళ్ళూ తను అనుకున్నది అది కాదని ఫొండుకి అప్పుడే తెలిసింది. ఊరుకుంటే కూతురు పోతుంది. నోరు విప్పితే ఊరు పోతుంది. ఆ సంగతి అతని మొహంలో నాకు కనబడింది.

"లాగాను," అన్నాడు.

"ఏంటి?"

"లాగాను గులాబ్. రెండు చేతులా లాగాను. నువ్వు చూసినప్పుడు లాగుతూనే ఉన్నాను. కదల్లేదు. కమ్మీ పట్టేసింది. అది చూసే నువ్వు నన్ను దూరం పెట్టావనుకున్నాను."

ఆమెకి అర్థమైంది. మాకందరికీ కాసేపటికి అర్థమైంది.

"ఇంకొంచెం ముందు లాగుంటే?" అడిగింది మార్తా. గొంతు మామూలుగానే ఉంది.

"కదిలేది."

"కదిలితే బండి ఎక్కడికొచ్చేది ఫొండూ?"

"స్టేషన్‌కి."

"మా వాడు కిటికీలో ఉన్నాడు. నేను బయట ఉన్నాను."

"తెలుసు. రోజూ కనబడతాడు వాడు నాకు."

"మరి ముందెందుకు లాగలేదు?"

ఫొండు బేతాళుడి వైపు చూడలేకపోయాడు. "కూతలు వినబడ్డాయి. లీవరు పట్టుకున్నాను. ఏం చెయ్యమంటావని ఆయన్ని అడిగాను. మూడోసారి. అడుగుతుండగానే చక్రం వచ్చేసింది. అది ఆయన జవాబో, నా పిరికితనమో, ఇప్పటికీ తెలీదు."

మార్తా గంప ఎత్తుకుని బయటికి వెళ్ళిపోయింది. వెనక్కి తిరగలేదు. ఒకరొకరుగా జనం జరిగారు. గురవ్ మిగిలిన రేకుల్ని నీళ్ళలో వదిలేశాడు. ఆ రోజు బాణలి ముందు నిలబడ్డవాణ్ణి నేను. ఇంత వయసొచ్చింది, నా చావు అంత దగ్గరగా వచ్చి వెళ్ళిందని మొదటిసారి తెలిసింది. ఆ చావు చెయ్యి ఎదురుగా ఉంది. బక్కగా, గోళ్ళు పగిలి, ముసలి చెయ్యి.

గుళ్ళో ఐదారుగురం మిగిలాం. గులాబ్ కూతుర్ని పట్టుకునే ఉంది, అడుగు ముందుకీ పడలేదు, వెనక్కీ పడలేదు.

అప్పుడు కొండ మీద చప్పుడు మొదలైంది. మధ్యాహ్నం పాసింజరు దిగుతోంది, వాళ్ళు ఎక్కాల్సిన బండి. ఎడమ రేకు ఇంకా రాయి పాదాల దగ్గరే పడి ఉంది. మేం అందరం దాన్ని చూశాం. చప్పుడు వంపు తిరిగి దగ్గరైంది. ఫొండు ఎడమచెయ్యి కుడి మణికట్టు కోసం వెనక్కి వెళ్ళింది. పట్టు దొరకడం లేదు.

గులాబ్ వెళ్ళి ఆ మణికట్టు పట్టుకుంది. వేళ్ళు దిగబడేలా పట్టుకుంది. అతను ఒక్కసారి అదిరిపడ్డాడు కాని లాక్కోలేదు. తండ్రీకూతుళ్ళిద్దరూ కొండవైపు మొహాలు పెట్టి నిలబడ్డారు. సాయ్‌లీ కూడా ఏడుపు మానేసి వాళ్ళమ్మ చీర కుచ్చెళ్ళు పిడికిట బిగించింది. చక్రాల మోత కేబిన్ దాకా వచ్చింది. ఆగిందో లేదో తెలియలేదు కాసేపు.

పొడుగ్గా కూత వేసింది.

ఫొండు చెయ్యి సడలించాడు. గులాబ్ వదల్లేదు. బండి స్టేషన్‌లోకి వచ్చి, ఆగి, వాళ్ళు లేకుండానే కిందికి బయల్దేరింది. ఆ చప్పుడు పూర్తిగా అడవిలో కలిసిపోయేదాకా ఆమె అలాగే పట్టుకుని ఉంది.